పథ్యంలోని రుచి

షడ్రసోపేతమైన విందులను గూర్చి మన కవులు చాలినంత వ్రాశారు. రాజుల బంతులనుండి పల్లెటూరి పెండ్లి భోజనాల వరకు వారు వర్ణించని వంటకం లేదనవచ్చును. కాని, పది రోజులు జ్వరపడి, లంఖణాలు చేసి లేచినవాడు తినే మొదటి ముద్దను గూర్చి వ్రాయవలసినంత వ్రాయలేదేమోనని నాకు తోచుతుంది. నాకు తొమ్మిదవ యేట టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలపాటు బార్లీ నీళ్ళు, పాలు, బత్తాయి రసం తప్ప మరొకటి ఎరుగను. ప్రక్కింటిలో పోపు పెట్టిన చప్పుడు వినబడితే కండ్ల నీరు తిరిగేది. ఒకనాడు డాక్టరుగారు నాడి చూచి, "ఇక పథ్యం పెట్టవచ్చునమ్మా" అన్నారు. మా అమ్మ పాతబియ్యం మెత్తగా వండి, లేత బీరకాయ కూర, మిరియాల చారు చేసి, ఒక్కొక్క ముద్దే కలిపి నోట పెట్టింది. అంతవరకు బీరకాయ పేరు చెబితే ముఖం త్రిప్పుకొనేవాడిని. ఆ పూట కంచం అంచులు కూడ వ్రేలితో తుడిచి తిన్నాను. ఆ తరువాత ఎన్నో విందులు ఆరగించాను గాని, ఆ రుచి మరల నాలుకకు తగలలేదు.

'పథ్యము' అనే మాటను మనం లోకవ్యవహారంలో నిషేధానికి పర్యాయపదంగా వాడుకొంటున్నాము. "వాడు పథ్యంలో ఉన్నాడు" అంటే తినరాని వస్తువుల పట్టిక ఒకటి మనస్సులో మెదలుతుంది: పులుపు కూడదు, నూనె కూడదు, వంకాయ కూడదు, గుమ్మడికాయ కూడదు. పల్లెలలో పెద్దలు 'పత్తెం' అని పలికినప్పుడు ఆ ద్విత్వంలోనే కొంత కాఠిన్యం వినిపిస్తుంది. కాని సంస్కృత వ్యాకరణం ఈ మాటకు చెప్పే అర్థం వేరు. పథమునుండి తొలగనిది పథ్యము. అనగా దారి తప్పనిది, దారికి అనుకూలమైనది. ఈ మాటలో నిషేధం లేదు, నడక ఉన్నది. అట్లే 'స్వస్థుడు' అంటే రోగం లేనివాడు అని మాత్రమే కాదు. తనయందు తాను నిలిచి ఉన్నవాడు అని. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే ఆరోగ్యాన్ని గూర్చి మన పూర్వులు ఎంత మేలైన భావన చేశారో తెలుస్తుంది: దారి తప్పకుండా నడవడం, తనలో తాను నిలవడం.

వ్యాధి విషయంలో మనిషి సాధారణంగా రెండు తప్పులు చేస్తాడు. ఒకటి, "నాకేమవుతుందిలే" అనే నిర్లక్ష్యం. రెండవది, "నాకేమవుతుందో" అనే భయం. మాటల చివర ఉన్న భేదం స్వల్పమే. బ్రతుకులో అది పెద్ద భేదం. మొదటిది ప్రాణానికి చేటు తెస్తుంది. రెండవది ప్రాణం ఉండగానే బ్రతుకును హరిస్తుంది. జాగ్రత్త ఈ రెండింటికి నడుమనున్న సన్నని బాట. ఆ బాటమీద నడిచేవానికి చిన్న చిన్న సంతోషాలు కొరవడవు సరికదా, తక్కినవారు చూడక దాటిపోయేవి కూడ కనబడతాయి. ఈ సంగతిని నేను గ్రంథాలలో చదివి తెలిసికొనలేదు. శార్వరి, ప్లవ అనే రెండు సంవత్సరాలలో మా ఇంటిలోనే నేర్చుకొన్నాను. అందులో ఒక పాఠానికి చెల్లించిన మూల్యం కొంచెం ఎక్కువ.

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25వ తేదీన దేశమంతటా లాక్‌డౌన్ ఆరంభమయింది. ఆనాడు మనకు ఉగాది. సంవత్సరాది పండుగ నాడే తెలుగువారి ఇంటి తలుపులు మూతపడ్డాయి. శార్వరి అనే మాటలో రాత్రి ఉన్నది. "పేరుకు తగినట్లే వచ్చిందిరా" అన్నది మా అమ్మ. అప్పటికి ఆమెకు డెబ్బది ఎనిమిదేండ్లు. ఇరువది ఏండ్లుగా ఉబ్బసం. నాకు యాబదవ యేడు నడుస్తున్నది, పదేండ్లుగా మధుమేహం. ఎవరెవరికి ఆ వ్యాధివల్ల ప్రమాదం అధికమని పత్రికలు వ్రాస్తున్నాయో, ఆ పట్టికలో మా ఇంటికి రెండు చోట్ల స్థానం దొరికింది.

మా ఇల్లు రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టుకు కొంచెం దూరాన, ఒక ఇరుకు సందులో ఉన్నది. పండుగ ఉదయం సందు చివరి చెట్టునుండి వేపపువ్వు కోసుకొన్నాము. కొత్త చింతపండు, కొత్త బెల్లం ఇంటిలో ఉన్నాయి. మామిడికాయ లేదు. "వగరు లేని ఉగాది పచ్చడి ఏం పచ్చడి?" అని అమ్మ నొచ్చుకొన్నది. ఎట్లా తెలిసిందో గాని, ఎదురింటి అమ్మాయి మా ప్రహరీ గోడమీద రెండు మామిడి పిందెలు ఉంచి, నాలుగు బారలు వెనుకకు పోయి, "పిన్నిగారూ! గోడమీద పెట్టాను. నేను లోపలికి వెళ్ళాక తీసుకోండి" అని కేకవేసింది. "నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ" అని అమ్మ కిటికీ చాటునుండే దీవించింది. పండుగ నాడు గుమ్మం దాకా వచ్చిన ఆడపిల్లను లోపలికి పిలిచి బొట్టు పెట్టలేకపోవడం ఆమెకు ఆనాటి పెద్ద కష్టం.

ఆ పిందెలను నేను తీసికొని సబ్బునీటిలో ఇరువది సెకండ్లు లెక్కపెట్టి తోమాను. తోమినవాటిని మరల తోమాను. పచ్చడి సిద్ధమయింది, దేవునికి నివేదన అయింది, అందరం నోట వేసికొన్నాము. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. చివరకు అమ్మే అన్నది: "ఒరే పంతులూ! ఆరు రుచులని కదా మీ పుస్తకాల్లో ఉంది. ఈ ఏడోది ఏమిట్రా?" అది సబ్బు రుచి! అందరం కడుపుబ్బ నవ్వాము. ఆ సంవత్సరం మా ఇంటిలో పుట్టిన మొదటి నవ్వు అది.

కాయలను, పండ్లను సబ్బుతో తోమకూడదని, మంచినీటితో కడిగితే చాలునని వైద్యులు తరువాత విస్పష్టంగా చెప్పారు. పాల సంచులను కడిగి తీగమీద ఆరవేసిన రోజులవి. కూరగాయలను ఒక పూట ఎండలో ఉంచి గాని ముట్టని రోజులవి. 2021 నాటికి శాస్త్రజ్ఞుల అభిప్రాయం ఒక దారికి వచ్చింది. ఈ వ్యాధి ప్రధానంగా వ్యాపించేది గాలి ద్వారా. రోగి మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు, పాడినప్పుడు వెలువడే అతిసూక్ష్మమైన తుంపరలు మూసిన గదిలో పొగవలె నిలిచి ఉంటాయి. వస్తువులను తాకడంవల్ల కలిగే ప్రమాదం దానితో పోలిస్తే స్వల్పం. సబ్బు మహిమ అబద్ధం కాదు. ఆ వైరస్ చుట్టూ ఉండే క్రొవ్వుపొరను అది ఛేదిస్తుంది. చేతులు కడుగుకొనడం ఎన్నటికీ మేలైన అలవాటే. కాని, నేను మామిడి పిందెమీద చూపిన శ్రద్ధలో సగం కిటికీ మీద చూపి ఉంటే ఎక్కువ ప్రయోజనం కలిగేది. భయం కంటబడిన ప్రతి వస్తువును తోముతుంది. జాగ్రత్త వ్యాధి వచ్చే దారి ఏదో తెలిసికొని, ఆ దారిలోనే కాపు కాస్తుంది.

మా వీధిగదికి ఒక పెద్ద కిటికీ ఉన్నది. దానికి అడ్డముగా పుస్తకాల బీరువా పెట్టి పదేండ్లయింది. గాలి వెలుతురులను గూర్చి చదివిన తరువాత, బీరువాను జరిపి కిటికీ తెరిచాము. మేలుకొరకు తెరచిన కిటికీ వెంట వేడుక కూడ లోపలికి వచ్చింది. తెల్లవారుజామున గోదావరిమీదినుండి వచ్చే గాలి, వేపపూల వాసన, ఎక్కడినుండో కోయిల కూత, ఎదుటి మేడమీద వడియాలు పెట్టే ఆడవారి సందడి, ఇవన్నీ పదేండ్లుగా నా పుస్తకాల వెనుకనే ఉన్నాయి, నేను ఎరుగను. వ్యాధిని దూరముంచే మంచి అలవాట్లలో చాల భాగం వాటంతట అవే సుఖాలన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. తెరచిన కిటికీ, ఆరుబయట నడక, అప్పుడే వార్చిన వేడి అన్నం, కంటినిండా నిద్ర: వీటిని వైద్యుడు మందుల చీటీలో వ్రాసినా చెల్లుతుంది, మనం పండుగ పద్దులో వ్రాసుకొన్నా చెల్లుతుంది.

ఆ యేడు ఆవకాయ కూడ వింతగానే పెట్టుకొన్నాము. ఏటా మా సందులోని నాలుగిండ్ల ఆడవారు ఒక్కచోట చేరి, కాయలు తరిగించి, ఆవపిండి కలిపేవారు. ఆ వేసవిలో ఎవరి మేడమీద వారే. మా అమ్మ మేడ పిట్టగోడ దగ్గర కుర్చీ వేసికొని కూర్చుండి, "ఉప్పు గుండ తక్కువైతే బూజు పడుతుందే! మానికకు తలకొట్టి కొలువు!" అని మూడు మేడలకు వినబడేటట్లు కొలతలు చెప్పింది. ఉబ్బసపు మనిషి అంత కేకవేయగలదని మేమెవరమూ అనుకొనలేదు.

బడులు మూతపడినందున పాఠాలు తెరలమీదికి ఎక్కాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారాల ద్వారా పిల్లలకు పాఠాలు చెప్పారు. మా కళాశాలలో మేము చరవాణిలో చెప్పాము. మన్యప్రాంతపు విద్యార్థి ఒకడు, సిగ్నల్ కొరకు ప్రతిదినం ఊరి వెలుపలి గుట్ట ఎక్కి పాఠం వినేవాడు. వాని వెంట వాని మేకలు ఉండేవి. ఒకనాడు అత్వసంధికి ఉదాహరణ చెప్పుమని అడిగాను. వాడు నోరు తెరిచేలోపల ఒక మేక "మే..." అని అరిచింది. వెంటనే వాడు, "మేనత్త అండి మాస్టారూ! మేన, అత్త" అన్నాడు. నలుబదిమంది పిల్లలు నలుబది ఊళ్ళలో ఒక్కసారిగా నవ్వారు. ఇరువది ఐదేండ్ల ఉద్యోగంలో నేను చెప్పిన సంధిపాఠాలలో విద్యార్థులు మరువనిది బహుశా అదొక్కటే.

ఇక్కడ భాషాధ్యాపకునిగా ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఆ రోజులలో 'సామాజిక దూరం' అనే పదబంధం ఊరూరా వినవచ్చింది. ఎడంగా ఉండుమని చెప్పడానికి పుట్టిన ఆ మాట మన దేశంలో మరొక పాత గాయాన్ని రేపింది. శుచి అనే నెపంతో మనిషిని మనిషి వెలివేసి, ముట్టరాదన్న చరిత్ర మనది. 2020 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 'భౌతిక దూరం' అనే అర్థమిచ్చే మాటకు మారింది. అది ఉచితమైన సవరణ. ఎడం దేహాలకు కావలెను గాని మనస్సులకు కాదు. గోడమీద మామిడి పిందెలు ఉంచి వెనుకకు జరిగిన ఆ అమ్మాయి పాటించినది భౌతిక దూరం. ఆ గోడ దగ్గర మా రెండిండ్లకు ఏర్పడినది దానికి సరిగా విరుద్ధమైనది.

ఇంతవరకు చెప్పినది మా తెలివి. ఇక నా తెలివితక్కువను చెప్పుకొంటాను.

2020 చివరకు వ్యాధి ఉధృతి తగ్గింది. 2021 జనవరి 16వ తేదీన దేశంలో టీకాలు వేయడం ఆరంభమయింది. మార్చి 1వ తేదీనుండి అరువది యేండ్లు దాటినవారికి కూడ వేశారు. మా అమ్మకు మొదటి టీకా అయింది. ఏప్రిల్ 13వ తేదీన ప్లవనామ సంవత్సరం వచ్చింది. ప్లవ అంటే తెప్ప. "రాత్రి గడిచింది, తెప్ప దొరికింది" అని నేను ఒక మిత్రగోష్ఠిలో చమత్కరించి చప్పట్లు కొట్టించుకొన్నాను. ఆ మరుసటి వారమే దగ్గరి బంధువుల ఇంట పెండ్లి. తలుపులు మూసిన చల్లని హాలు. మూడు వందలమంది జనం. నేను మాస్కుతోనే లోపలికి వెళ్ళాను. "ఇంకా ఈ ముసుగెందుకండీ బావగారూ! మొహం చూపించండి" అని ఒకరు నవ్వారు. చుట్టూ ఉన్నవారు కూడ నవ్వారు. నేను మొగమాటపడి దానిని గడ్డం క్రిందికి దించాను. రెండు గంటలు అట్లే కూర్చున్నాను. మొగమాటం మన జాతికి సహజగుణం. అంటువ్యాధికి అంతకన్న మంచి వాహనం లేదు.

నాలుగవ నాడు నాకు జ్వరం తగిలింది. ఏడవ నాడు అమ్మ దగ్గడం ఆరంభించింది.

ఆ ఏప్రిల్, మే నెలలను మరచినవారు మనలో ఎవరూ ఉండరు. ఆసుపత్రులలో మంచాలు లేవు. ప్రాణవాయువు కొరకు మనుష్యులు ఊళ్ళు పట్టి తిరిగారు. డాక్టరుగారు ఫోనులోనే చెప్పారు: వ్రేలికి తగిలించే ఆక్సీమీటరులో అంకె 94కు దిగితే వెంటనే కబురు చేయవలె; ఊపిరి బరువుగా ఉంటే బోర్లా పడుకోబెట్టవలె. నేను వెనుక గదిలో, అమ్మ వీధిగదిలో. నా భార్య ముక్కుకు రెండు మాస్కులు పెట్టుకొని, రెండు గదుల గుమ్మాలలోను పళ్ళాలు ఉంచి పోయేది. ఒక రాత్రి అమ్మ అంకె 92కు వచ్చింది. అంబులెన్సుకు చెప్పాము, ఏ ఊరిలో మంచం దొరుకుతుందో తెలియదన్నారు. ఆమె తెల్లవార్లు బోర్లా పడుకొని ఊపిరి తీసింది. నేను గోడకు ఇవతల కూర్చుండి ఆ దగ్గులను లెక్కపెట్టాను. నా చేతులతో తెచ్చి ఇచ్చినది ఆమె మోస్తున్నదన్న ఎరుక తప్ప ఆ రాత్రి నాకు వేరే చింత లేదు. తెల్లవారేటప్పటికి అంకె 95 అయింది.

మరునాటి సాయంకాలం ఆమె నా గదికి ఫోను చేసింది. ఒకే ఇంటిలో, రెండు గోడల నడుమ, ఫోను. కొంచెం సేపు ఊపిరి కూడదీసికొని, "కిటికీ ముందు సన్నజాజి తీగకు తేనెపిట్ట గూడు కట్టిందిరా, చూశావా?" అన్నది. నేను చూడలేదు. ఆ దినంనుండి ప్రతి సాయంకాలం నాకు ఆ గూటి వార్త అందేది. సంచివలె వ్రేలాడే గూడు. సాలెపట్టు, ఎండుటాకుల తునకలు, దూది పోగులతో అల్లినది. ఆడపిట్ట ఒక్కటే పొదుగుతుంది. నల్లగా నిగనిగలాడే మగపిట్ట చుట్టుప్రక్కల తిరుగుతుంటుంది. "ఈవేళ గాలివాన వచ్చినా అది కదలలేదు." "ఈవేళ ఉడుతను తరిమింది." ఆరోగ్యం ఎట్లున్నదని నేను అడిగితే ఆమె పిట్టను గూర్చి చెప్పేది. పిట్ట వార్త పొడుగ్గా ఉంటే ఊపిరి బాగున్నదని నేను గ్రహించేవాడిని.

ఒకనాడు ఆమె ఇట్లా చెప్పింది: "అది గూటిలోకి తిన్నగా రాదురా. ముందు ఎదుటి కొమ్మమీద వాలుతుంది. అటు చూస్తుంది, ఇటు చూస్తుంది. ఎవరూ లేరని తేల్చుకొని అప్పుడు దూరుతుంది. నీకంటే నయం."

జరిగినదానికి ఆమె నన్ను మందలించిన మాట ఆ ఒక్కటే. అంతకు ముందు గాని, ఆ తరువాత గాని మరొక మాట అనలేదు. ఆ మాటలోనూ నిష్ఠురంకంటె నవ్వే ఎక్కువ ఉన్నది. అందుచేతనే అది నాలో నిలిచిపోయింది. తేనెపిట్ట భయపడి తేనె మానుకొనదు. తేనె రుచికి మైమరచి చుట్టూ చూడడమూ మానదు. మా గదుల తలుపులు తెరచిన మూడవ నాడు గూటి రంధ్రంలోనుండి రెండు చిన్న ముక్కులు బయటకు వచ్చాయి. ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, ఇద్దరం చాలసేపు వాటినే చూచాము.

అందరి కథలు ఇట్లు ముగియలేదు. ఇరువది యేండ్లు నాతో కలిసి టీ త్రాగిన గణితోపన్యాసకుడు ఆ మే నెలలోనే గతించాడు. అతడు నాకంటె నియమం గలవాడు, పెండ్లికి పోలేదు, మాస్కు దించలేదు. కాబట్టి పోయినవారందరు అజాగ్రత్తపరులని, మిగిలినవారందరు వివేకవంతులని తలచడం అన్యాయం, పాపం కూడ. జాగ్రత్త రక్షరేకు కాదు. అది అపాయాన్ని తగ్గిస్తుంది గాని అడుగంట తుడిచివేయదు. తప్పింపనలవిగాని దానికి తల వంచవలె, తప్పింపదగినదానిని తప్పించుకొనవలె. ఈ రెండింటి భేదం తెలియడానికే చదువు.

చదువు భయాన్ని ఎట్లు తగ్గిస్తుందో క్షయవ్యాధి చరిత్ర చెబుతుంది. మా అమ్మ చిన్ననాట ఆమె మేనమామకు క్షయ సోకింది. ఇంటిలో ఆయనకు వేరు కంచం, వేరు చెంబు. వీధిలో ఆయన అరుగు ముందునుండి నడవడానికి కూడ జనం జంకేవారు. ఆయనను మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికి పంపారు. 1912లో నెలకొన్న ఆ క్షయచికిత్సాలయం తెలుగుదేశంలో పేరెన్నిక గన్నది. తగిన మందు లేని కాలంలో విశ్రాంతి, బలమైన ఆహారం, తెరపి గాలి: ఇవే చికిత్స. ఆయన అక్కడినుండి వ్రాసిన ఉత్తరాలలో రోగంకంటె కొండగాలిని గూర్చి, చెట్ల నీడలను గూర్చి ఎక్కువగా ఉండేదని అమ్మ చెబుతుంది. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని 1882లో రాబర్ట్ కాక్ కనుగొన్నాడు. దానిమీద పనిచేసే స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని లభించలేదు. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఒక గొప్ప ప్రశ్నను పరీక్షకు పెట్టింది: రోగి ఇంటనే ఉండి మందులు వాడితే ఇంటివారికి ముప్పు అధికమవుతుందా? కాదని 1959లో తేలింది. సరియైన మందు తీసికొంటున్న రోగిని ఇంటినుండి వేరు చేయనక్కరలేదని లోకానికి తెలిపినది మన ప్రక్కనున్న చెన్నపట్టణమే. ఒక మంచి పరిశోధన ఎన్ని వేల కంచాలను మరల ఒకే బంతిలో చేర్చిందో ఊహించుడు. తెలివి పెరిగినకొలది జాగ్రత్త పెరగడమే కాదు. అనవసరమైన జాగ్రత్త తొలగిపోవడం కూడ జరుగుతుంది.

నా మధుమేహాన్ని గూర్చి కూడ ఒక మాట. ఈ వ్యాధి వచ్చిన మొదటి రెండేండ్లు నేను మామిడిపండు ముట్టలేదు. వేసవి అంతా లోకంమీద అలిగి కూర్చునేవాడిని. మూడవ యేట వైద్యుని అడిగి, రక్తంలోని చక్కెర అదుపులో ఉన్నదని తేలిన తరువాత, అన్నం కొంత తగ్గించుకొని, బంగినపల్లి పండులో రెండు ముక్కలు తినడానికి అనుమతి పొందాను. పూర్వం నేను ఒక్క పూటలో రెండు పండ్లు తినేవాడిని. ఏ పండు ఎట్లున్నదో చెప్పుమంటే చెప్పలేకపోయేవాడిని. ఇప్పుడు రెండు ముక్కలు. మొదటి ముక్కను వాసన చూచి తింటాను. రెండవదానిని కండ్లు మూసికొని తింటాను. ఏ తోట పండో చెప్పగలనని గొప్పలు కూడ చెప్పుకొంటున్నాను. మితం రుచిని తగ్గించదు. రుచి తెలిసే నాలుకను తిరిగి ఇస్తుంది. తొమ్మిదవ యేట తిన్న బీరకాయ కూర నాకు నేర్పిన పాఠమే ఇది; నలుబది యేండ్లకు గాని మరల అప్పగించలేకపోయాను.

2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ విషయమైన అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అయినను ఆ వ్యాధి లోకంనుండి పోలేదు. ఇన్‌ఫ్లుయెంజా ఉండనే ఉన్నది. ఏటా వానకాలపు జ్వరాలు ఉండనే ఉన్నాయి. ఇంటిలో ఉబ్బసపు తల్లి ఉన్నవాడు, మధుమేహం ఉన్నవాడు క్యాలెండరులో తేదీ మారినంతమాత్రాన మారిపోడు. నేను నేటికీ క్రిక్కిరిసిన బస్సులోను, తలుపులు మూసిన సభలోను మాస్కు ధరిస్తాను. ఎవరైనా నవ్వితే నేనూ నవ్వుతాను గాని దానిని దించను. పెండ్లికి పోతాను, పందిట్లో గాలి వచ్చే చోట కూర్చుంటాను. వధూవరులమీద అక్షింతలు వేస్తాను; పులిహోర తింటాను. ఇందువల్ల నేను పోగొట్టుకొన్న సంతోషం ఏదీ లేదు.

ఉపాధ్యాయ మిత్రులకు రెండు మాటలు మనవి చేస్తాను. చాల పాఠశాలలలో ఒక్కరోజు కూడ బడి మానని పిల్లవానికి బహుమతి ఇస్తారు. సదుద్దేశమే. కాని ఆ బహుమతి కొరకు జ్వరంతో, దగ్గుతో బడికి వచ్చే పసివాడు తానూ బాధపడతాడు, బెంచీమీది నలుగురికి పంచి పోతాడు. వారిలో ఒకని ఇంట ఒక ముసలి అవ్వ ఉంటుంది. జ్వరం వచ్చిన పిల్లవాడు ఇంట ఉండడం తప్పు కాదని, అది తోటివారికి చేసే ఉపకారమని తరగతిలో చెప్పుడు. మరునాడు వాడు వచ్చినప్పుడు పోయిన పాఠాన్ని ప్రేమతో చెప్పుడు. దగ్గే పిల్లవానిని వెక్కిరింపనీయకుడు. మాస్కు పెట్టుకొన్నవానిని అంతకంటె వెక్కిరింపనీయకుడు. నా పెండ్లి కథ జ్ఞాపకముంచుకొనుడు: ఆనాడు నా మాస్కును దించినది గాలి కాదు, నలుగురి నవ్వు.

రెండవ మాట: మీ తరగతి కిటికీలు తెరిపించుడు. వాతావరణం అనుకూలించిన నాడు ఒక పాఠమైన చెట్టు క్రింద చెప్పుడు. విద్యార్థులారా, ఇంటిలో జబ్బుపడిన పెద్దవారు ఉంటే గుమ్మం దగ్గర నిలిచి, ఆనాడు మీరు చూచిన ఒక చిన్న వింతను వారికి చెప్పుడు. మంచంమీదివారికి మందు వైద్యుడు ఇస్తాడు. లోకాన్ని మీరు తెచ్చి ఇవ్వవలె.

మా అమ్మకు ఇప్పుడు ఎనుబదులు దాటాయి. ఊపిరి మునుపటివలె లేదు; రెండు మెట్లెక్కితే మూడవ మెట్టు దగ్గర నిలుస్తుంది. సన్నజాజి తీగ అట్లే ఉన్నది. కొన్ని యేండ్లు తేనెపిట్ట వస్తుంది, కొన్ని యేండ్లు రాదు. కిటికీ మాత్రం తెరచియే ఉంటుంది; పుస్తకాల బీరువా మరల అక్కడికి పోలేదు. ప్రతి ఉగాదికి ఎదురింటి అమ్మాయి మామిడి పిందెలు తెస్తుంది. ఇప్పుడు గోడమీద ఉంచదు; లోపలికి వచ్చి, అమ్మ చేతికిచ్చి, బొట్టు పెట్టించుకొని పోతుంది. పచ్చడి నోట వేసికొనేముందు అమ్మ ఏటా నావైపు చూచి తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది:

"ఏరా, కాయలు మంచినీళ్ళతోనే కడిగావు కదూ?"